ఆరు సమాధుల దగ్గర ఈస్టరు ఎలా చెప్పను?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. నేను గుంటూరు ప్రాంతంలో మిర్చి పొలాల మధ్య ఉన్న ఒక లూథరన్ పారిష్‌కు పాస్టరును. అభిషేకం పొంది రెండేళ్లు కూడా నిండలేదు. జనవరి చివరి వారంలో మా పేట స్త్రీలు మిరపకాయల కోతకు వెళ్తుండగా, తెల్లవారకముందే, మంచులో వారి ఆటోను లారీ ఢీకొంది. ఆటోలో పదముగ్గురు ఉన్నారు. ఐదుగురు స్త్రీలు, సండే స్కూలుకు వచ్చే పద్నాలుగేళ్ల పిల్ల చనిపోయారు. ఆరుగురికీ ఒకే రోజు భూస్థాపన జరిపించాను. ఆటో నడిపిన అబ్బాయి కూడా మా సంఘపు బిడ్డే. చనిపోయినవారిలో అతని మేనత్త ఉంది. అతను గాయాలతో బయటపడ్డాడు, బెయిలు మీద ఉన్నాడు. అతన్ని గుడి మెట్లు ఎక్కనివ్వవద్దని కొందరు పెద్దలు అంటున్నారు. అతని తల్లి వెనక వరుసలో ఒంటరిగా కూర్చుంటోంది. ఆదరణ కూడికకు వచ్చిన ఒక బయటి ప్రసంగీకుడు, మీలో ఆకాను ఉన్నాడు కాబట్టే ఇది జరిగిందని చెప్పి వెళ్లాడు. అప్పటి నుంచి ఎవరి పాపమో అని గుసగుసలు. నాకు నిద్ర లేదు. ప్రసంగం రాయడానికి కూర్చుంటే మార్చురీ కళ్ల ముందుకు వస్తోంది. మంచి శుక్రవారం ఏమి చెప్పాలి? ఈస్టరు తెల్లవారుజామున ఆ సమాధుల దగ్గర నిలబడి ఆయన లేచాడని ఎలా పలకాలి? నేను పాస్టరుగా పనికిరానేమో అనిపిస్తోంది.

సమాధానం:

ప్రియ సోదరులు పాస్టరుగారికి వందనాలు.

మీ ఉత్తరంలోని చివరి వాక్యం రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. అందుకే ముందు దానికి జవాబు చెబుతాను. ఆరు పెట్టెలను ఒకే రోజు మట్టికి అప్పగించి, తరువాతి ఆదివారం మళ్లీ అదే ప్రభువు బల్ల దగ్గర నిలబడ్డారు మీరు. మార్చురీ గుర్తుకు వస్తోందన్నారంటే, శవాలను గుర్తుపట్టడానికి ఇళ్లవాళ్లతో పాటు లోపలికి వెళ్లింది కూడా మీరే అయి ఉంటారు. అంత చూసిన మనిషికి నిద్ర పట్టకపోవడంలో వింత ఏమీ లేదు. హాయిగా పట్టి ఉంటే నేను కంగారుపడేవాణ్ణి. మీ సంగతి మళ్లీ మాట్లాడుకుందాం. ముందు సంఘం సంగతి చూద్దాం.

ఆ ఆకాను మాటను ఈ ఆదివారమే, పల్పిట్ మీది నుంచే, తీసివేయండి. ఇంటింటికీ తిరిగి చెప్పుకోవలసిన విషయం కాదిది. మైకులో అన్న మాటకు మైకులోనే జవాబు ఉండాలి. యెహోషువ గ్రంథంలో ఆకాను అనేవాడు దోపుడు సొమ్మును రహస్యంగా దాచుకున్నందుకు జనమంతా ఓడిపోయినప్పుడు, తప్పు జరిగిన సంగతిని దేవుడే యెహోషువకు తెలియజేశాడు. మీ ఊరికి వచ్చిన ప్రసంగీకుడికి ఎవరూ ఏమీ తెలియజేయలేదు. తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పి ఆయన వెళ్లిపోయాడు, ఆ మాట మాత్రం మీ పేటలో ఉండిపోయి ఇంటికో అనుమానాన్ని పెంచుతోంది. యేసు ముందుకు కూడా ఇలాంటి ప్రశ్న వచ్చింది. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయారు. వాళ్లు యెరూషలేములో అందరికంటే పాపులని అనుకుంటున్నారా అని ఆయనే అడిగి, కాదని ఆయనే చెప్పాడు. లూకా 13వ అధ్యాయం. ఆ వెంటనే మారుమనస్సు గురించి కూడా మాట్లాడాడు, నిజమే. కానీ ఆ మాట ఎదురుగా నిలబడి వింటున్న బతికున్నవారందరితో అన్నది. చనిపోయినవారి మీద తీర్పుగా దాన్ని ఆయన వాడలేదు. ఈ భాగం చదివి, "మన ఆరుగురు మనకంటే పాపులు కారు, వారి ఇళ్లవాళ్లూ కారు" అని ఒక్కసారి గట్టిగా చెప్పండి. చనిపోయినవారి పేర్లు ఒక్కొక్కటిగా పలికి చెప్పండి. వెనక వరుసల దాకా వినబడాలి.

మరొక మాట కూడా మీ సంఘ కమిటీతో తేల్చుకోండి. ఇకమీదట ఆదరణ కూడికల్లో ఎవరికి మైకు ఇవ్వాలో నిర్ణయించేది మీరు. దూరం నుంచి వచ్చారనో, పెద్ద పేరున్నవారనో మర్యాద కోసం ఇవ్వవలసిన వస్తువు కాదది. పుండు మీద చెయ్యి వేసేవాడి చేతులు శుభ్రంగా ఉన్నాయో లేదో చూసుకోవడం అమర్యాద కాదు.

ఇక మీ ప్రసంగం. 1518లో జర్మనీలోని హైడెల్‌బెర్గ్‌లో, మన సంఘాలకు పేరిచ్చిన మార్టిన్ లూథర్ తన తోటి సన్యాసుల ముందు ఉంచిన ప్రతిపాదనల్లో ఒకటి మీరూ నేనూ సెమినరీలో పరీక్ష కోసం చదివిందే. మహిమను చూసి మురిసే వేదాంతి చెడును మంచి అనీ మంచిని చెడు అనీ అంటాడు, సిలువ వేదాంతి ఉన్నదాన్ని ఉన్నట్టు పిలుస్తాడు. అప్పట్లో నాకది వాదంలా కనబడింది. ఇన్నేళ్లు సమాధుల తోటల్లో నిలబడ్డాక, పాస్టరు నాలుకకు వేసిన కళ్లెంలా కనబడుతోంది. మన సంఘాల్లో చావు దగ్గర ఎన్ని మాటలు తేలిగ్గా దొర్లుతాయో మీకు తెలుసు. ప్రభువు తన తోట కోసం మంచి పువ్వులు కోసుకున్నాడంటారు. ఇంతకంటే మంచి చోటే ఉన్నారులే అంటారు. ఆయన చిత్తం లేకుండా ఆకు కూడా కదలదంటారు. పద్నాలుగేళ్ల కూతురిని లారీ కింద పోగొట్టుకున్న తల్లికి ఈ మాటలు ఎలా వినబడతాయి? ఆ లారీని తోలింది దేవుడేనని వినబడతాయి. అందుకని ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పండి. ఇది ఘోరం. జరగకూడనిది జరిగింది. ఆ స్త్రీలు ఇంకా బతకవలసినవారు. ఇంతవరకు చెప్పగలిగితే, ఆ తరువాత మీరు చెప్పే సువార్తను వాళ్లు నమ్ముతారు.

నేను ఈ పాఠం ఎలా నేర్చుకున్నానో చెబుతాను. నా మొదటి పారిష్‌లో ఒక ఆమె కొడుకు కాలువలో మునిగి చనిపోయాడు. ఆమె గుండెలు బాదుకుంటుంటే నేను, ఇరవై ఆరేళ్ల పాస్టరును, "ఏడవకమ్మా, అన్యుల ముందు మన సాక్ష్యం చెడిపోతుంది" అన్నాను. ఆమె నా ముఖం వైపు చూసి ఏడుపు ఆపేసింది. తరువాతి ఆదివారం నుంచి గుడికి రావడం కూడా ఆపేసింది. పదకొండేళ్ల తరువాత పెద్దకూతురి పెళ్లికి పిలవడానికి వచ్చినప్పుడు, "ఆ రోజు నన్ను ఏడవనివ్వలేదు అయ్యగారూ" అంది. అంతకుమించి ఏమీ అనలేదు. లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్లు విడిచాడన్న వాక్యం అప్పటికే నాకు కంఠతా వచ్చు. ఆమె దగ్గర నాకది గుర్తుకు రాలేదు.

లూథర్ ఇంట్లో కూడా ఈ దుఃఖం జరిగింది. 1542 సెప్టెంబరులో పదమూడేళ్ల కూతురు మగ్దలేనా తండ్రి చేతుల్లోనే ప్రాణం విడిచింది. తరువాత స్నేహితుడు యోనాస్‌కు రాస్తూ ఆయన ఒక సంగతి ఒప్పుకున్నాడు. పాప మంచి మరణం పొందినందుకు తానూ భార్యా దేవునికి కృతజ్ఞతలు చెప్పాలట, కానీ మమకారం ఎంత బలమైనదంటే ఏడుపూ వెక్కిళ్లూ లేకుండా ఆ పని తమ వల్ల కావడం లేదట. క్రీస్తు మరణాన్ని తలుచుకున్నా ఆ బాధ పూర్తిగా పోవడం లేదని కూడా రాశాడు. సంస్కరణను నడిపించిన మనిషి ఇంటిలోనే ఇలా ఉంటే, మీ పేటలోని తల్లి ఇంకా ఏడుస్తోందని ఎవరైనా ఆమె విశ్వాసాన్ని కొలవడం న్యాయమా?

పిల్లల దగ్గర మాత్రం మన భక్తి భాషను కొంచెం పక్కన పెట్టండి. "ప్రభువునందు నిద్రించింది" అంటాం. పెద్దలకు అందులో ఎంతో ఓదార్పు ఉంది. పద్నాలుగేళ్ల స్నేహితురాలిని పోగొట్టుకున్న తొమ్మిదేళ్ల పిల్ల ఆ మాట వింటే రాత్రి కళ్లు మూయడానికి భయపడుతుంది. "ప్రభువు పిలుచుకున్నాడు" అంటే, నన్ను కూడా పిలుస్తాడేమో అని ప్రార్థన చేయడానికే జంకుతుంది. అక్క చనిపోయింది, ఆమె శరీరం ఇక పనిచేయదు, ఆమెకు ఇప్పుడు నొప్పి లేదు, మనందరికీ ఆమె మీద బెంగగా ఉంది, దేవుడు ఆమెను మరచిపోడు అని తేట తెలుగులో చెప్పండి. అడిగిన ప్రశ్ననే పదిసార్లు అడిగితే పదిసార్లూ అదే జవాబు చెప్పమని సండే స్కూలు టీచర్లకు నేర్పండి. ఆ అమ్మాయి కూర్చునే చోట ఎవరు కూర్చోవాలో పిల్లలనే అడగండి. ఆ విషయంలో వాళ్ల నిర్ణయం మనకంటే బాగుంటుంది.

ఇళ్లకు వెళ్లడం గురించి. జనవరి చివర జరిగిన దుర్ఘటనకు ఫిబ్రవరి మధ్యకల్లా చుట్టాలు వెళ్లిపోతారు, నాయకులు ఫొటోలు దిగి వెళ్లిపోతారు. అసలు ఒంటరితనం ఇప్పుడే మొదలవుతుంది. 2011 జూలై 22న నార్వేలో ఒక్క మనిషి చేసిన దాడుల్లో 77 మంది చనిపోయారు. వారిలో 69 మంది ఉటోయా అనే చిన్న దీవిలో వేసవి శిబిరానికి వచ్చినవారు, ఎక్కువమంది చిన్న వయసువారు. ఆ దేశంలో ఎక్కువమంది మనలాగే లూథరన్లు. మరణవార్తను ఇంటికి తీసుకువెళ్లడం అక్కడ పాస్టరు పనుల్లో ఒకటిగా చాలాకాలం నుంచి వస్తోంది. ఆ రోజుల్లో ఎందరో పాస్టర్లు తలుపులు తట్టారు, దీవికి దగ్గర్లోని హోటల్లో బిడ్డల కోసం ఎదురుచూస్తున్న తల్లిదండ్రుల దగ్గర కూర్చున్నారు. ఆ తరువాత జరిగిన దానిలో మనం నేర్చుకోవలసింది ఉంది. సహాయం కావాలంటే రండి అని చెప్పి అక్కడి స్థానిక అధికారులు ఊరుకోలేదు. ఎవరింటికి ఎవరు వెళ్లాలో, మళ్లీ ఎప్పుడు వెళ్లాలో ముందే నిర్ణయించుకొని తామే వెళ్లారు. నెల తిరగకముందే ఆ కుటుంబాలను తోడు పెట్టి దీవికి తీసుకువెళ్లి, తమ బిడ్డ పడిపోయిన చోటు చూపించారు. దుఃఖంలో ఉన్నవాడికి తలుపు తట్టే శక్తి ఉండదు. తట్టే పని మనది.

మీరు ఒక్కరే ఆరు ఇళ్లకు, గాయపడిన మరో ఏడుగురి ఇళ్లకు, పారిష్‌లోని మిగతా గ్రామాలకు తిరగలేరు. తిరగవద్దు కూడా. పరస్పర సంభాషణ వల్ల, సహోదరుల ఓదార్పు వల్ల సువార్త మనకు అందుతుందని మన విశ్వాస పత్రాల్లో ఒకటైన 1537 నాటి ష్మాల్కాల్డ్ వ్యాసాల్లో లూథర్ రాశాడు. వాక్యం, బాప్తిస్మం, బల్ల, క్షమాపణ, వాటి వరుసలోనే ఈ ఓదార్పును కూడా పెట్టాడు. మన సంఘాలకు ఇది కొత్త కూడా కాదు. పాస్టరు అడుగుపెట్టలేని వంటిళ్లలోకి ఒకప్పుడు బైబిలు స్త్రీలు వెళ్లి కూర్చునేవారు. మీ స్త్రీల సమాజంలో భర్తనో బిడ్డనో పోగొట్టుకొని, ఆ దుఃఖాన్ని దాటి వచ్చిన ముసలివాళ్లు ఇద్దరు ముగ్గురు తప్పకుండా ఉంటారు. ఇంటికి ఒకరిని అప్పగించండి. వారం వారం వెళ్లమనండి, ప్రసంగం చేయవద్దనండి, కూర దగ్గర ఉల్లిపాయలు తరుగుతూ కూర్చోమనండి. ఆ ఇంటివాళ్లు చనిపోయిన మనిషి గురించి మాట్లాడితే వినమనండి. యోబు స్నేహితులు చేసిన ఒకే ఒక మంచి పని, మొదటి ఏడు రోజులూ ఏడు రాత్రులూ నోరు తెరవకుండా నేల మీద అతని పక్కన కూర్చోవడం.

కోతలు ఇంకా అయిపోలేదు కదా. ఆ స్త్రీలలో బతికినవారు మళ్లీ ఆటో ఎక్కాలి, ఎక్కకపోతే పొయ్యి వెలగదు. ఒకరోజు తెల్లవారుజామున నాలుగున్నరకు మీరు కూడా ఆ ఆటోలు ఆగే చోటికి వెళ్లండి. రెండు నిమిషాల ప్రార్థన చాలు. ఆ తరువాత రైతులతో, మేస్త్రితో కూర్చొని, ఒక ఆటోకు ఇంతమందికి మించి ఎక్కించవద్దని, ఖర్చు ఎక్కువైతే ఎలా పంచుకోవాలో మాట్లాడండి. పదముగ్గురిని ఒక ఆటోలో కుక్కింది ఆ కుర్రవాడి ఆశ ఒక్కటే కాదు. కిరాయి మిగుల్చుకోవాలనుకున్న ప్రతి చెయ్యీ అందులో ఉంది. ఇది పాస్టరు పని కాదని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

కాగితాల పని కూడా పాస్టరు పనే. మోటారు ప్రమాదాల పరిహారం కోసం ట్రైబ్యునల్‌లో దావా వేయడానికి చట్టం ఆరు నెలల గడువు పెట్టింది. జనవరి నుంచి లెక్కపెట్టుకోండి. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. కమిషన్‌కు కేసులు పట్టే మధ్యవర్తులు ఈపాటికే ఆ ఇళ్లకు వచ్చి ఉంటారు. వాళ్లకంటే ముందు మీరు ఆ కుటుంబాలను వెంటబెట్టుకొని ఆ కార్యాలయానికి వెళ్లండి.

ఇప్పుడు ఆ అబ్బాయి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే బరువుగా కనిపించింది ఇతని సంగతే.

2015 జూన్ 17న అమెరికాలోని చార్లెస్టన్ నగరంలో ఒక నల్లజాతి సంఘంలో బైబిలు పఠనం జరుగుతుండగా తొమ్మిది మందిని ఒక యువకుడు కాల్చి చంపాడు. అతను లూథరన్ సంఘంలో పెరిగినవాడు, ఆ సంఘపు పుస్తకంలో పేరున్నవాడు. చనిపోయినవారిలో ఇద్దరు పాస్టర్లు లూథరన్ సెమినరీలోనే చదువుకున్నవారు. అక్కడి లూథరన్ సంఘానికి ఇది రెండు వైపులా కోసిన కత్తి. అప్పటి అధ్యక్ష బిషప్ ఎలిజబెత్ ఈటన్ తప్పించుకోలేదు. కాల్చినవాడు మనవాడే, చనిపోయినవారిలో మనల్ని తమవారిగా చేసుకున్నవారు ఉన్నారు అని బహిరంగంగా రాశారు. మీ అబ్బాయికీ ఆ హంతకుడికీ పోలిక లేదు. అతను ద్వేషంతో, ఆలోచించి చంపాడు. మీ అబ్బాయి మంచులో, ఎక్కువమందిని ఎక్కించుకొని, పొట్టకూటి కోసం బండి నడిపాడు. పోలిక లేదు కాబట్టే అడుగుతున్నాను, అంత ఘోరం చేసినవాడిని కూడా మనవాడే అని ఒక సంఘం అనగలిగినప్పుడు, మేనత్తను పోగొట్టుకొని వెక్కుతున్న ఈ బిడ్డను మనవాడు కాడని మీ పెద్దలు ఎలా అంటారు?

అలాగని అతన్ని చెయ్యి పట్టుకొని వచ్చే ఆదివారమే ముందు వరుసలో కూర్చోబెట్టవద్దు. చార్లెస్టన్‌లో రెండు రోజులకే కోర్టులో కొందరు కుటుంబ సభ్యులు నిన్ను క్షమిస్తున్నామని అన్నారు. ఆ మాటలు ప్రపంచమంతా విన్నది. ఆ మాట అప్పుడు అనలేకపోయినవారు, ఏళ్ల తరబడి అనలేనివారు కూడా అవే కుటుంబాల్లో ఉన్నారు. వారి గొంతు ఎవరికీ వినబడలేదు. క్షమాపణ పేరు చెప్పి దుఃఖంలో ఉన్నవారిని రెండోసారి గాయపరచకండి. బల్ల ముందు ఆ తల్లిని, ఈ అబ్బాయిని నిలబెట్టి చేతులు కలిపించే పని ఎన్నటికీ చేయవద్దు. చూసేవాళ్లు చప్పట్లు కొడతారు. ఆ తల్లి మాత్రం ఆ రాత్రి ఒంటరిగా ఇంటికి వెళ్లాలి.

ముందు మీరే అతని ఇంటికి వెళ్లండి. సాయంత్రం వెళ్లండి, ఒక్కరే వెళ్లండి. జరిగింది మొదటి నుంచి చివరి దాకా అతని నోటి నుంచి వినండి. కోర్టు కోసం కాదు, వకీలు కోసం కాదు, అతని ప్రాణం కోసం వినండి. అతను చెప్పినది మీ దగ్గరే ఉండిపోతుందని ముందే మాట ఇవ్వండి. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం 11వ వ్యాసం వ్యక్తిగత పాపవిమోచనను మన సంఘాల్లో నిలిపి ఉంచాలంటుంది. చిన్న ప్రశ్నోత్తరిలో పాపపు ఒప్పుకోలుకు ఒక భాగమే ఉంది. మనం ఆదివారం అందరితో కలిసి చదివే ఒప్పుకోలుతో సరిపెట్టుకొని దీన్ని మరచిపోయాం. అతను తన వంతు తప్పు ఏమిటో, తనది కానిది ఏమిటో విడదీసి చెప్పగలిగేలా సహాయం చేయండి. ఎక్కువమందిని ఎక్కించుకోవడం తన తప్పు. మంచు తన తప్పు కాదు. చెప్పడం అయ్యాక తల మీద చెయ్యి పెట్టి, క్రీస్తు పేరట నీ పాపాలు క్షమించబడ్డాయని బిగ్గరగా పలకండి. చెవితో వినాలి. లోపల తాను చెప్పుకునే మాటను అతను నమ్మడు, బయటి నుంచి వచ్చిన మాటనే నమ్ముతాడు. మంచాన పడినవారికి ఇంటికి తీసుకువెళ్లినట్టే, అతనికీ అతని తల్లికీ ప్రభు భోజనాన్ని ఆ ఇంటికే తీసుకువెళ్లండి. చచ్చిపోవాలని ఉందా అని సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఉందని అంటే ఆ రాత్రి అతన్ని ఒంటరిగా వదలవద్దు, మరునాడే డాక్టరు దగ్గరకు మీరే తీసుకువెళ్లండి.

ఆ తరువాత ఆరు ఇళ్లకూ వెళ్లి, అతను ఎప్పటికో ఒకనాటికి గుడికి రావాలని నేను కోరుకుంటున్నాను, మీకు ఎలా ఉంటుంది అని అడగండి. అనుమతి కోసం అడగవద్దు. సంఘంలో ఎవరు ఉండాలో ఓటు వేసి తేల్చేది కాదు. వాళ్ల మనసు వినడానికి అడగండి. ఒకరు అరుస్తారు, ఒకరు తలుపు వేస్తారు. మళ్లీ వెళ్లండి. ఈలోగా వెనక వరుసలో ఒంటరిగా కూర్చునే ఆ తల్లి పక్కన ఈ ఆదివారం నుంచే ఎవరో ఒకరు కూర్చోవాలి. మీ భార్యగారు కూర్చుంటే ఇంకా మంచిది. సంఘం ఆ అమ్మగారిని చూసే నేర్చుకుంటుంది.

మీ సంగతి. 1527 ఆగస్టులో లూథర్ ఉండే విట్టెన్‌బర్గ్‌కు ప్లేగు వచ్చింది. విశ్వవిద్యాలయాన్ని వేరే ఊరికి తరలించారు, లూథర్‌ను కూడా వెళ్లిపొమ్మని ఆ ప్రాంతపు పాలకుడి ఆజ్ఞ. ఆయన, ఆ ఊరి పాస్టరు బుగెన్‌హాగెన్ ఉండిపోయారు. లూథర్ ఇల్లు రోగులతో నిండింది. ఈ కథ మనం గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోని సగం ఇది: ఆ సంవత్సరమే లూథర్ వేసవిలో కుప్పకూలాడు, దేవుడు తనను విడిచాడేమో అనే చీకట్లో నెలలు గడిపాడు. ప్లేగు నుంచి పారిపోవచ్చా అని అడిగిన తోటి పాస్టరుకు జవాబు రాస్తూ ఆయన రెండు సంగతులు చెప్పాడు. కాపరి మందను వదలకూడదు, అయితే సరిపడినంత మంది కాపరులు ఉంటే కొందరు వెళ్లవచ్చు. మందులు దేవుడిచ్చినవే, వాటిని వాడకపోవడం విశ్వాసం కాదు. ఈ రెండూ మీకోసమే రాసినట్టు ఉన్నాయి. పక్క పారిష్ పాస్టరుగారితో మాట్లాడి రెండు ఆదివారాలు ఆయన్ని మీ పల్పిట్ మీద నిలబెట్టండి. మీరు మీ కుటుంబంతో కలిసి సంఘంలో కూర్చొని, ఇంకొకరి నోటి నుంచి వాక్యం వినండి. మీ బిషప్‌గారికి ఉత్తరం రాయండి. మార్చురీ దృశ్యం నెల దాటినా వదలడం లేదు కాబట్టి జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి కలవండి. వెళ్లడానికి మొహమాటంగా ఉంటే 14416కు ఫోను చేయండి. అది కేంద్ర ప్రభుత్వపు టెలి మానస్ సేవ, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పాస్టరు డాక్టరు దగ్గరకు వెళ్తే అవిశ్వాసమని ఎవరైనా అంటే, 1883లో గుంటూరుకు వచ్చి మన స్త్రీలకు వైద్యం చేస్తూ ఇక్కడే ప్రాణం విడిచిన కుగ్లర్ దొరసానిని మన సంఘాలు ఎందుకు తలుచుకుంటాయో అడగండి.

మాటలు రాని ఆదివారాల్లో ప్రసంగం ఐదు నిమిషాలకు తగ్గించండి. ఆరాధన క్రమం మిమ్మల్ని మోస్తుంది. "ప్రభువా, కనికరించుము" అని సంఘమంతా పలికేటప్పుడు అందులో మీ గొంతు వినబడకపోయినా ప్రార్థన ఆగదు. క్రమం ఉన్న సంఘంలో పుట్టినందుకు నేను అన్నిటికంటే ఎక్కువ కృతజ్ఞుడిగా ఉన్నది ఇలాంటి రోజుల్లోనే.

మంచి శుక్రవారం, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలను ఎప్పటిలాగే ఏడుగురికి పంచండి. దుఃఖంలో ఉన్న కుటుంబాల వారికి ఎవరికీ ఇవ్వవద్దు, వాళ్లు అడిగితే తప్ప. నాలుగో మాట మీరు తీసుకోండి. "నా దేవా, నా దేవా" అని చదివి, అది ఇరవై రెండో కీర్తనలోని మాట అని చెప్పండి. యేసు ఎందుకు అని అడిగాడు. పైనుంచి జవాబు రాలేదు. మీరు కూడా జవాబు చెప్పకుండా బైబిలు మూసి కూర్చోండి. చర్చి గంట ఆరుసార్లు కొట్టించండి, గంటకూ గంటకూ మధ్య ఒక పేరు చదివించండి. అంతటితో నాలుగో మాట ముగించండి. ఎనభై ఎనిమిదో కీర్తన చీకటి అనే మాటతోనే ముగుస్తుంది. దాన్ని బైబిలులో అలాగే ఉంచారు, ఎవరూ దానికి మంచి ముగింపు అతికించలేదు.

ఈస్టరు గురించి మీరు అడిగినప్పుడు నాకు 1977 గుర్తుకు వచ్చింది. ఆ నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నేను విద్యార్థిని. మందులు, బట్టలు మోసుకొని కృష్ణా డెల్టాలోకి వెళ్లాం. వేలమంది పోయారు. దివిసీమలో ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోయాయి. పేర్లు తెలియకుండానే కలిపి పూడ్చినవారున్నారు. తరువాతి ఈస్టరుకు అటువైపు ఒక పేటలో తాటాకుల పందిరి కింద ఆరాధన జరిగింది. పాటలు లేవు. బాజా లేదు. ముసలి ఉపదేశి ఒకాయన వాక్యం చదివాడు, ఆయన గొంతు మధ్యలో ఆగిపోతే ముందు వరుసలోని ఒక ఆమె మిగతాది చూడకుండా చెప్పింది. నేను విన్న ఈస్టరు ఆరాధనల్లో ఇప్పటికీ నా వెంట ఉన్నది అదొక్కటే.

కాబట్టి మీ సమాధుల తోటలో స్పీకర్లు పెట్టవద్దు. యోహాను సువార్త 20వ అధ్యాయం చదవండి. మగ్దలేనే మరియ బయలుదేరినప్పుడు ఇంకా చీకటిగా ఉందని అందులో రాసి ఉంది. మీ ఆరుగురూ ఆ రోజు ఆటో ఎక్కినప్పుడు కూడా ఇంకా చీకటే. ఆ తెల్లవారుజామున సమాధి దగ్గరకు వెళ్లినవారు స్త్రీలు, పని ఉండి వెళ్లినవారు, చేతుల్లో సుగంధ ద్రవ్యాలు మోసుకుంటూ రాయి ఎవరు దొర్లిస్తారో అని దారి పొడుగునా దిగులుపడినవారు. మార్కు సువార్తలో వాళ్లు భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. లేచిన ప్రభువు ముందు వారి ధైర్యాన్ని పరీక్షించలేదు, మరియను పేరు పెట్టి పిలిచాడు. ఇది చెప్పండి. "ఆయన లేచియున్నాడు" అని మీరు గట్టిగా పలకలేకపోతే మెల్లగా పలకండి. జవాబు సంఘం చెబుతుంది. మీ గొంతు ఆగిపోతే మీ పేటలో కూడా చూడకుండా చెప్పగల ఒక ఆమె తప్పకుండా ఉంటుంది.

ముందురోజు శనివారం యవ్వనస్థులతో కలిసి ఆ ఆరు సమాధుల మీద కలుపు తీసి, సున్నం వేయించండి. ఆ పనికి ఆ అబ్బాయి వస్తానంటే, ఎవరూ లేని ఎండవేళ ఒక్కడినే రానివ్వండి, మీరు బకెట్ పట్టుకొని పక్కన ఉండండి.

మళ్లీ రాయండి. పేరు అక్కరలేదు. ఆ తల్లి పక్కన ఎవరు కూర్చున్నారో మాత్రం తప్పకుండా రాయండి.